అదే పాట, మరో రాత్రి



అభిమాన బృందం కచేరీ కోసం విమానమెక్కి సింగపూర్‌కో అబూధాబికో వెళ్లొచ్చేవాళ్లు ఇప్పుడు మన మధ్య కూడా ఉన్నారు. ఖర్చు సంగతి ఎవరి లెక్క వాళ్లది. నేనడిగేది ఒక్కటే: అక్కడ వినబోయేది ఇంట్లో రికార్డులో దొరకనిదేనా?

ఈనాటి పెద్ద స్టేడియం ప్రదర్శనల్లో చాలావాటికి దీపాలు, తెరలు, బాణసంచా అన్నీ కంప్యూటర్‌తో ముడిపడి ఉంటాయి. డ్రమ్మర్ చెవిలో ఒక యంత్రం టిక్కుటిక్కుమంటూ కాలప్రమాణం చెబుతుంటుంది. నిన్న రాత్రి ఏ క్షణాన మంట ఎగసిందో ఈ రాత్రీ సరిగ్గా అప్పుడే ఎగుస్తుంది. కళ్లకు పండగే, కాదనను. కేవలం వినడానికైతే మాత్రం అంత దూరం వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం.

దీనికి పూర్తిగా ఎదురుదారిలో నడిచిన అమెరికన్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్. 1965లో కాలిఫోర్నియాలో మొదలై, గిటారిస్టు జెర్రీ గార్సియా 1995లో చనిపోయేదాకా దాదాపు 2,300 కచేరీలు చేసింది. డెడ్‌హెడ్స్ అనే దాని అభిమానులు ఊరి నుంచి ఊరికి బృందం వెంటే తిరిగేవారు. నిన్న విన్నవాళ్లు ఈ రోజు మళ్లీ ఎందుకు వెళ్లాలి? ఎందుకంటే ఏ పాటలు పాడతారో, ఏ వరసలో పాడతారో ముందు తెలియదు. తెలిసిన పాటే వచ్చినా అది ఎటు పోతుందో తెలియదు. ‘డార్క్ స్టార్’ అనే పాట 1968లో చిన్న రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలైనా లేదు. మరుసటి ఏడు వచ్చిన ‘లైవ్ డెడ్’ ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలు సాగింది.

కర్ణాటక కచేరీలు వినే చెవికి ఇది కొత్తేమీ కాదు. కృతిలో ఒక పాదం పట్టుకుని నెరవలు చేయడం, స్వరకల్పన, తని ఆవర్తనం... మనోధర్మం మన సొత్తే. తేడా ఒక చోట ఉంది. మన కచేరీలో గాత్రం ముందు నడుస్తుంది, వయొలిన్ అనుసరిస్తుంది, మృదంగం అంటిపెట్టుకుని ఉంటుంది. గ్రేట్‌ఫుల్ డెడ్‌లో అందరూ ఒకేసారి మాట్లాడతారు. బేస్ గిటార్ అంటే సాధారణంగా ఇంటికి పునాది లాంటిది, కదలదు. దాన్ని ఇక్కడ వాయించిన ఫిల్ లెష్ ట్రంపెట్ నేర్చినవాడు, ఆధునిక సంగీత రచన చదువుకున్నవాడు, బేస్ గిటార్ పట్టింది ఈ బృందంలో చేరాకే. అందుకే ఆయన బేస్ పునాదిలా ఉండదు, గార్సియా గిటార్‌తో వాదం పెట్టుకుంటుంది. కనుక మొదటిసారి వినేవాళ్లు అంతా ఒకేసారి పట్టుకోవాలని చూడకండి. ఒక్క బేస్‌నే పట్టుకుని చివరిదాకా నడవండి. రెండోసారి గిటార్‌తో. మూడోసారికి రెండూ కలిసి వినిపిస్తాయి.

తాళం లెక్క వేసే అలవాటున్న శ్రోతలకు ఇంకో రుచి. బృందంలోని ఇద్దరు డ్రమ్మర్లలో ఒకడైన మిక్కీ హార్ట్ 1967లో తబలా విద్వాంసుడు అల్లా రఖాను కలిశాడు. ఆ ప్రభావం బృందం లయలోకీ వచ్చింది. 11 దెబ్బల ఆవృత్తంలో సాగే ‘ది ఇలెవెన్’ అనే పాట ఉంది, వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. తర్వాతి కాలంలో జాకీర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి హార్ట్ చేసిన ‘ప్లానెట్ డ్రమ్’ ఆల్బమ్ గ్రామీ కూడా గెలుచుకుంది.

ఇలాంటి సంగీతంలో ప్రమాదం లేకపోలేదు. కొన్ని రాత్రులు దారి దొరక్క తడుముకుంటారు. వినేవాళ్లకు ఆవలింతలు వస్తాయి, దాచడం దేనికి? వాళ్ల ప్రయాణాల్లోకెల్లా పేరుపడ్డది కూడా అలాంటి ఎగుడుదిగుడుదే. 1978 సెప్టెంబరు 14, 15, 16 తేదీల్లో ఈజిప్టులో గీజా పిరమిడ్ల దగ్గర, స్ఫింక్స్ పక్కనున్న ఆరుబయలు రంగస్థలం మీద వాయించారు. సొంత ఖర్చు, దాదాపు 5 లక్షల డాలర్ల నష్టం. రచయిత కెన్ కేసీ, బాస్కెట్‌బాల్ ఆటగాడు బిల్ వాల్టన్ సహా కొందరు అమెరికా నుంచి అంత దూరం వెళ్లారు. పెద్ద పిరమిడ్‌లోని రాజు గదికి వేదిక నుంచి తీగలు లాగి, ఆ రాతి గది ప్రతిధ్వనిని పాటలో కలపాలనుకున్నారు. తీగలు పనిచేయలేదు. పియానో శ్రుతి తప్పింది. మరో డ్రమ్మర్ బిల్ క్రూట్జ్‌మన్ మణికట్టు విరిగి ఒంటిచేత్తో వాయించాడు. ఖర్చు తిరిగొస్తుందని తలపెట్టిన ఆల్బమ్‌ను పక్కన పెట్టేశారు. అది బయటికొచ్చింది 2008లో, ‘రాకింగ్ ద క్రేడిల్’ పేరుతో.

అయినా వెళ్లినవాళ్లకు దక్కింది తక్కువేమీ కాదు. ఈజిప్టు దక్షిణాన నూబియా అనే సీమ ఉంది. అస్వాన్ ఆనకట్ట నీళ్లలో ఊళ్లకు ఊళ్లు మునిగిపోయిన ప్రాంతం. ఆ ముంపు గ్రామాల్లో ఒకటైన తోష్కాలో పుట్టిన గాయకుడు హంజా ఎల్ దీన్ మూడో రాత్రి తన వాళ్లతో వేదిక ఎక్కాడు. చేతిలో ‘తార్’, అంటే మన డప్పు జాతికి చెందిన ఒంటితోలు వాయిద్యం. నూబియన్లు చప్పట్లు కొడుతూ ‘ఓలిన్ అరగీద్’ అందుకున్నారు. రాక్ వాద్యగాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆ చప్పట్లలోకి చేరారు. కాసేపటికి ఆ పాటే మెల్లగా వాళ్ల ‘ఫైర్ ఆన్ ద మౌంటెన్’గా మారిపోయింది. ఆ రాత్రే సంపూర్ణ చంద్రగ్రహణం. దాని గురించి రాయనివాళ్లు లేరు. నాకు మాత్రం గ్రహణం కంటే ఆ చప్పట్లే గొప్ప.

వెళ్లలేనివాళ్ల కోసం ఈ బృందమే దారి చూపించింది. అభిమానులు టేపురికార్డర్లు తెచ్చుకుంటే అడ్డుపడలేదు సరికదా, 1984 నుంచి వాళ్లకు హాల్లో విడిగా చోటిచ్చి టికెట్లు కూడా అమ్మింది. ఒప్పందం ఒకటే: పంచుకోవచ్చు, అమ్ముకోకూడదు. అలా చేతులు మారిన కచేరీల్లో 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగినది అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేరింది. దాంతోనే మొదలుపెట్టండి. ‘స్కార్లెట్ బెగోనియాస్’ నుంచి ‘ఫైర్ ఆన్ ద మౌంటెన్’లోకి వెళ్లే భాగం అరగంటకు కాస్త తక్కువ. మొదటి పాట ఏ క్షణాన అయిపోయిందో చెప్పగలరేమో చూడండి. ఆ రెండో పాటకు ఉన్నవి రెండే ‘కార్డ్’లు, అంటే కలిపి మోగించే స్వరాల గుచ్ఛాలు, అటూ ఇటూ ఊగుతుంటాయి. ఆ తర్వాత ఈజిప్టు రికార్డులో చప్పట్ల లోంచి అదే పాట ఎలా పుట్టిందో వినండి. రెంటిలో ఏది మీకు నచ్చిందో ఉత్తరం రాస్తే సంతోషిస్తాను.