భీమిలిలో మన పరుగుబాటలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. ముప్పైనాలుగేళ్ళు ఫైళ్ళతో కుస్తీ పట్టినవాణ్ణి. అయితే భీమిలిలో పొద్దున్నే ఏ దారిన పరుగెత్తవచ్చు, ఏ దారిన పరుగెత్తకూడదు అన్నది మాత్రం పదకొండేళ్ళుగా నా కాళ్ళతోనే తెలుసుకున్నాను. అదే మనవి చేస్తాను.

పరుగు అన్నానని నవ్వకండి. నాకిప్పుడు డెబ్బై ఒకటి. మా వీధి పిల్లలు సైకిలు తొక్కుతూ నా పక్కనే కబుర్లు చెబుతూ వస్తారు, అంతటి వేగం నాది! ఒడ్డున వల బాగుచేసుకునే ఒక పెద్దాయన మొదట్లో, "ఏటి బావూ, ఎవులు తరుముతన్నారు?" అని అడిగేవాడు. పరుగెడుతూ పక్కవారితో మాట్లాడగలిగితే అది మన వయసుకు తగిన వేగం. మాట తెగిపోతున్నదంటే తగ్గించవలసిందే. పక్కన ఎవరూ లేకపోతే ఆంజనేయ దండకం చదువుకోండి. మధ్యలో ఊపిరి అందకపోతే స్వామి నడవమంటున్నాడన్నమాట.

అరవయ్యో ఏట నా గుండెకు స్టెంటు వేశారు. డాక్టరుగారు ముందు కొన్ని వారాలు నడిపించి, ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, అప్పుడు గాని పరుగుకు ఒప్పుకోలేదు. మీరూ ఆ వరుస తప్పవద్దు. బి.పి., షుగరు, గుండె మందులు వాడేవారు డాక్టరును అడగకుండా, నా ప్రసంగం విని రేపే పరుగు మొదలుపెట్టవద్దు.

ఇక దారుల సంగతి. మొదటిది చదునుదారి. గంటస్తంభం దగ్గర బయలుదేరి ఒడ్డుకు చేరితే దీపస్తంభం, డచ్చివారి సమాధులు, ఆ పైన గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ దగ్గర దగ్గరలోనే. డచ్చివారు 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తకస్థావరం పెట్టుకున్నారు. 1824 ఒప్పందంతో ఇండియాలోని తమ స్థావరాలను ఇంగ్లీషువారికి వదిలిపెట్టారు. వదిలిపెట్టి వెళ్ళలేనివారు ఈ గోరీలలో ఉన్నారు. ఇటుకతో కోసుగా, ఎత్తుగా కట్టిన ఆ గోరీల ముందు నేను ఒక నిమిషం ఆగుతాను. ఆగడానికి ఒక సాకు కూడా కావాలి కదా!

ఈ దారిలో ఇసుకను గురించి చెప్పాలి. పొడి ఇసుకలో పరుగెత్తడానికి గట్టినేల మీదకంటె ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. అది కుర్రవాళ్ళకు వదిలేద్దాం. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పాదానికి హాయిగా ఉంటుంది. కాని అది సముద్రంవైపు వాలుగా ఉంటుంది. ఒకే దిక్కుకు పోతే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడి నడుము పట్టేస్తుంది. అందుకని వెళ్ళినంత దూరమూ అదే ఒడ్డున వెనక్కి రావాలి. పాటు సమయంలో తడి ఇసుక వెడల్పుగా దొరుకుతుంది. పోటు పాటులు రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి గనుక, ఈ సోమవారం ఉన్న బాట వచ్చే సోమవారం అదే వేళకు ఉండదు. పల్లెవాళ్ళను అడిగితే చేతిగడియారం చూడకుండానే చెబుతారు. వానాకాలంలో గోస్తనీ మొగ దగ్గరకు మాత్రం పోవద్దు. ఎక్కడో అనంతగిరి కొండల్లో వాన పడితే ఇక్కడ నీరు పెరుగుతుంది, ఇసుక అంచు కాలికింద విరిగిపోతుంది.

ఈ దారిలోనే మా ఆవిడ మళ్ళీ నడక నేర్చుకుంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడకు నొప్పికంటె భయం ఎక్కువైంది. గుమ్మం దిగేది కాదు. "మీరు పరుగెత్తుకు రండి, నేను ఇక్కడ కూర్చుంటాను" అనేది. నేను ఒక ఒప్పందం చేసుకున్నాను. ఆవిడ వీధి వెంబడి తన నడక తాను నడవాలి. నేను ముందుకు పరుగెత్తి, వెనక్కి ఆవిడ దగ్గరికి వచ్చి, మళ్ళీ ముందుకు పోతాను. ఆవిడకు తోడు ఉన్నట్టూ ఉంటుంది, నా పరుగూ ఆగదు. ఆవిడ అరకిలోమీటరు నడిచేసరికి నాది రెండు మూడు కిలోమీటర్లు అయ్యేది. చూసేవాళ్ళకు నేను ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు ఉండేది. ఏడో నెలలో పడవలు వచ్చే చోటిదాకా వచ్చి, చేపల బుట్ట దగ్గర నిలబడి పావుగంట బేరమాడింది. ఆ పావుగంటా చేతికర్ర నా చేతిలోనే ఉంది. ఆవిడ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఇంట్లో ఒకరు నడవలేని స్థితిలో ఉంటే రెండోవారు పరుగు మానుకోనక్కర లేదని చెప్పడానికే ఇదంతా చెప్పాను.

రెండవది పావురాలకొండ దారి. నరసింహస్వామి కోవెల మెట్లు మీకు తెలిసినవే. కొండమీద బౌద్ధ భిక్షువులు ఉండిన ఆనవాళ్ళు, వాన నీరు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. వారు నీళ్ళకోసం రోజూ కొండ దిగకుండా ఏర్పాటు చేసుకున్నారు. మనం ఊపిరితిత్తులకోసం ఎక్కుతున్నాం. ఎక్కడం గుండెకు పని, దిగడం మోకాళ్ళకు పని. కాబట్టి ఎక్కేటప్పుడు వేగంగా నడవవచ్చు గాని, దిగేటప్పుడు పరుగు వద్దే వద్దు. పడితే ఈ వయసులో తుంటి ఎముక. వారానికి మూడు రోజులైనా శరీరం తూలకుండా నిలబెట్టుకునే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో అరవైఐదు దాటినవారికి చెప్పింది. మెట్ల దగ్గర గోడ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడటం నా వ్యాయామం.

మూడవది దక్షిణంగా విశాఖ రోడ్డు మీద ఎర్రమట్టి దిబ్బలవైపు. అందంలో దీనికి సాటి లేదు. గాలి పోగుచేసిన ఇసుక, ఇనుము తుప్పు పూతతో వేల ఏళ్ళలో ఎర్రబడి, వాన కోతకు లోయలుగా చీలింది. 2025లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. దిబ్బలమీద మాత్రం పరుగెత్తవద్దు. మన అడుగుకు అంచులు రాలిపోతాయి. రోడ్డుమీదినుంచే చూసి తిరిగి రండి.

చిక్కంతా ఆ రోడ్డుతోనే. ఆదివారాలు చీకటి వీడకముందే షికారు కార్లు మొదలవుతాయి. రెండేళ్ళ క్రితం ఒక కారు అద్దం నా మోచేతిని రాసుకుంటూ పోయింది. అప్పటినుంచి నేను ఎదురు వచ్చే బళ్ళు కనబడేలా రోడ్డుకు కుడిపక్కనే పోతున్నాను, తెల్ల చొక్కా వేసుకుంటున్నాను. అయినా మా ఆరుగురిలో ఇద్దరు ఆ దారి మానేశారు. ఒకాయన ఇల్లు కదలడమే మానేశాడు. మొన్న చూడబోతే కుర్చీలోనుంచి లేవడానికి కొడుకును పిలిచాడు.

విశాఖలో రామకృష్ణా బీచి దగ్గర తెల్లవారుజామున వాహనాలు ఆపి, రోడ్డును నడిచేవారికి వదులుతున్నారు. 1861లోనే మునిసిపాలిటీ ఏర్పడిన మన ఊరు ఇప్పుడు ఆ మహా విశాఖ నగర పాలక సంస్థలోనే ఉంది. ఇక్కడ కూడా ఒడ్డు రోడ్డుమీద గంటన్నర ఆ ఏర్పాటు చేయమని, రెండుచోట్ల కూర్చునే బల్లలు, ఒక మరుగుదొడ్డి కట్టమని అర్జీ రాశాను. మరుగుదొడ్డి లేకనే చాలామంది మగవాళ్ళు సగం దారిలో వెనక్కి పోతున్నారు, ఆడవాళ్ళయితే అసలు బయలుదేరడమే లేదు. ఈ మాట సభలో అనడానికి నాకు మొహమాటం లేదు.

అర్జీ ప్రతి కోశాధికారిగారి బల్లమీద ఉంది. భోజనాలకు లేచేముందు సంతకం చేసి, పక్కన పి.పి.ఓ. నంబరు కాదు, ఇంటి నంబరు రాయండి. పెన్ను అక్కడే దారంతో కట్టి ఉంది.