పుట్టిన బిడ్డకు తొలి పత్రము

ఇంట బిడ్డ పుట్టినంతనే ఘడియ విఘడియలతో జాతకము వ్రాయింతుము. సర్కారు పుస్తకములో ఆ పుట్టుకను వ్రాయించుట మాత్రము మరతుము. బిడ్డను బడిలో చేర్చునాడు ఆ సంగతి జ్ఞాపకము వచ్చును. కచేరీల చుట్టు తిరుగుట అప్పుడు మొదలగును.

1969వ సంవత్సరపు జనన మరణముల నమోదు చట్టము ప్రకారము 21 దినములలోగా తెలిపినచో రుసుము లేదు. పల్లెలో గ్రామ పంచాయతీని, పట్టణములో పురపాలక సంఘమును అడుగవలెను. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను గురించి తెలుపు బాధ్యత ఆసుపత్రివారిది. ఇంటిలో పుట్టినచో ఇంటి పెద్దది. నామకరణము కాలేదని ఆగనక్కరలేదు. పేరును పిమ్మట చేర్పింపవచ్చును. నమోదు కాగానే ధ్రువపత్రమును ఉచితముగా ఇత్తురు. ఏడాది దాటినచో మాత్రము మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను.

2023 అక్టోబరు 1వ తేదీన గాని, తరువాత గాని పుట్టినవారికి బడికి, ఓటర్ల జాబితాకు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీని రుజువు చేయునది ఈ పత్రమే. కనుక శ్రోతలారా, ఆసుపత్రివారు పంపియుందురులే యని ఊరకుండవలదు. పత్రము చేతికి రాగానే తేదీని, తల్లిదండ్రుల పేర్లను అక్షరమక్షరము చదివి చూచుకొనుడు. తప్పున్నచో వెంటనే దిద్దింపుడు. ఆ ఒక్క అక్షరమే రేపు బిడ్డ దారికి అడ్డు నిలువవచ్చును.