ఉయ్యాల చెంత రాజ్యము

2024 వ సంవత్సరము జనవరి 16 వ తేదీని ఫ్రాన్సు దేశాధ్యక్షులు శ్రీ ఎమాన్యుయెల్ మాక్రాన్ పత్రికా విలేఖరులతో మాటలాడుచు, తమ దేశము జనసంఖ్య విషయమున మరల ఆయుధములు ధరింపవలయునని అర్థమిచ్చు నొక మాటను వాడిరి. అంతకు ముందటి యేడు, అనగా 2023 లో, ఆ దేశమున జన్మించిన శిశువులు సుమారు 6,78,000. 1946 తరువాత ఇంత తక్కువమంది పుట్టిన సంవత్సరము అంతవరకు లేదు. కావున వారి ఆందోళన నిష్కారణమైనది కాదు. వారు సూచించిన ఉపాయములును క్రూరమైనవి కావు. తల్లిదండ్రు లిరువురును కోరినచో ఆరు నెలలు శిశువుచెంత నుండునట్లు మెరుగైన భృతితో సెలవు, సంతానలేమితో బాధపడువారికి చికిత్సాప్రణాళిక — ఇవియే వారు చెప్పినవి. అయినను స్త్రీల హక్కులకై పాటుపడు సంఘములవారు ఆ ప్రసంగమును విని కలవరపడిరి. వారిని కలవరపెట్టినది సెలవు కాదు, ఆ మాట. ఆయుధమునకును ఉయ్యాలకును ఏమి సంబంధము?

నేటి ప్రసంగమున నేను శ్రోతలకు విన్నవింప దలచినది ఈ విషయమే. ఐరోపాలో కొంతకాలముగా తీవ్ర రైటిస్టు పక్షములు కుటుంబమును గూర్చి చెప్పుచు వచ్చిన మాటలను, కొన్ని చోట్ల వారి పథకములను, నడిమి మార్గమున నడచు పక్షములవారు స్వీకరించుచున్నారు. రైటిస్టు అను పేరు ఫ్రాన్సుననే పుట్టినది. 1789 నాటి సభలో అధ్యక్షుని కుడిప్రక్కన కూర్చుండినవారినిబట్టి ఆ వాడుక వచ్చెను. ఆ వరుసలో కొట్టకొనకు నిలిచి, జాతి పేరిట తనవారిని పరులను వేరుచేయు పక్షములను తీవ్ర రైటిస్టు పక్షము లందము.

మొట్టమొదట ఒక సందేహమును తీర్చుకొనవలెను. బిడ్డలు పుట్టవలెనని రాజ్యము కోరుటయే తీవ్రవాదమా? కాదు. ఫ్రాన్సుననే 1939 జూలైలో, గణతంత్ర ప్రభుత్వము సాగుచుండగనే, కుటుంబ శాసనసంహిత వెలువడెను. 1945 మార్చిలో జనరల్ డీగాల్ రాబోవు పదేండ్లలో కోటి ఇరువది లక్షల ముద్దుబిడ్డలు కావలయునని దేశమును కోరెను. ఆ ఇద్దరి నడుమ 1940 మొదలు 1944 వరకు విషీ ప్రభుత్వము నడచినది. అదియు సంతానమునే కోరెను. స్వేచ్ఛ, సమానత్వము, సౌభ్రాత్రము అను మూడు మాటలను తొలగించి, పని, కుటుంబము, పితృభూమి అను మూడు మాటలను వాని స్థానమున నిలిపెను. 1942 లో గర్భస్రావము చేయుటను రాజ్యద్రోహముతో సమానమైన నేరముగ శాసించెను. ఆ శాసనము క్రింద 1943 జూలై 30 న ఒక స్త్రీకి శిరచ్ఛేదము గావించిరి. కోరిక ఒక్కటియే యైనను, ఒకచోట అది సహాయమైనది, మరియొకచోట శిక్షయైనది. కనుక బిడ్డలను కోరుట తప్పా ఒప్పా యని గాక, ఎవరి బిడ్డలను, ఏ వెలకు కోరుచున్నారని అడుగుట మనకు ముఖ్యము.

ఎవరి బిడ్డలు? ఈ ప్రశ్నకు తీవ్ర రైటిస్టుల సమాధానము స్పష్టము. జాతీయుల బిడ్డలకే సహాయము, పరదేశీయుల బిడ్డలకు లేదు. దీనికి ఫ్రాన్సులో జాతీయ ప్రాధాన్యమని పేరు పెట్టిరి. 1998 లో ఆ దేశపు దక్షిణప్రాంతమునందలి విత్రోల్ పట్టణమున నేషనల్ ఫ్రంట్ పక్షమునకు చెందిన మేయరు, తల్లిదండ్రులలో ఒకరైన ఫ్రెంచివారో ఐరోపా సమాజమువారో అయిన శిశువునకు మాత్రమే 5,000 ఫ్రాంకుల జన్మభృతి నేర్పరచెను. న్యాయస్థానము దానిని కొట్టివేసెను. దేశమంతట పెద్ద అలజడి కలిగెను.

కాని ఈ ఆలోచన అంచున పుట్టి నడుమకు వచ్చినదని మాత్రమే తలచినచో మనము పొరబడుదుము. విత్రోల్ వ్యవహారమునకు పదమూడు పదునాలుగేండ్లు ముందే, పారిస్ నగర పాలకులు మూడవ బిడ్డను కన్న కుటుంబమునకు ఒక భృతి నేర్పరచి, దానిని ఫ్రెంచి పౌరులకే పరిమితము చేసియుండిరి. నాటి మేయరు శ్రీ జాక్ షిరాక్. ఆయన తీవ్రవాది కాడు, పిమ్మట దేశాధ్యక్షుడైనవాడు. ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానము 1989 జూన్ 30 న ఆ నియమము సమానత్వమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. నడిమివారికిని కొనవారికిని నడుమ రాకపోకలు ఎన్నడును ఉన్నవే.

2023 డిసెంబరు 19 న ఫ్రెంచి పార్లమెంటు వలసలను గూర్చిన ఒక చట్టము నామోదించెను. అందలి ఒక నిబంధన ప్రకారము, ఐరోపా సమాజమునకు వెలుపలి దేశములనుండి వచ్చి, చట్టబద్ధముగనే నివసించుచున్నవారు కుటుంబభృతి పొందవలెనన్నచో, ఉద్యోగము చేయువారైన ముప్పది నెలలు, చేయనివారైన అయిదేండ్లు వేచియుండవలెను. శ్రీమతి మరీన్ లె పెన్ పక్షమునకు చెందిన 88 మంది సభ్యులును ఆ చట్టమునకు అనుకూలముగ చేతులెత్తిరి. ఇది తమ భావములకు కలిగిన విజయమని ఆమె ప్రకటించెను. ఆరోగ్యశాఖ మంత్రి పదవికి రాజీనామా నిచ్చెను. 2024 జనవరి 25 న రాజ్యాంగ మండలి ఆ నిబంధనను తొలగించినది. కాని ఆ తొలగింపు విధానమునకు సంబంధించిన దోషమువలన మాత్రమే. ఆ నిబంధన ఆ బిల్లున చేరదగినది కాదని వారు చెప్పిరి. ధర్మాధర్మ విచారణ తరువాత వచ్చెను. రిపబ్లికన్ పక్షమువారు ఇదేవిధమైన నియమమును ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టింప యత్నింపగా, 2024 ఏప్రిల్ 11 న అదే మండలి, అంత దీర్ఘమైన నిరీక్షణ రాజ్యాంగమునకు సరిపడదని త్రోసిపుచ్చినది.

శ్రోతలు ఒక విషయమును గమనింప ప్రార్థన. మాక్రాన్ గారి సెలవు ప్రణాళికలో ఎవరిపట్లను భేదము లేదు. డిసెంబరు చట్టమున భేదము కలదు. రెండును నెల దినముల లోపల ఒకే పాలకవర్గమునుండి వెలువడినవి. దేశమున బిడ్డలు చాలరని ఒకచోట విచారము, ఉన్న బిడ్డలలో కొందరికి భృతి వలదని మరియొకచోట చట్టము! ఒకటి చెప్పునపుడు రెండవది శ్రోత చెవిలో మారుమ్రోగకుండునా?

పోలెండు కథ ఇంకొక తీరుగ నున్నది. అక్కడ 2016 లో న్యాయశాసన పక్షము, జాతీయవాదమును మతాచారమును గట్టిగ పట్టుకొన్న పక్షము, రెండవ బిడ్డ మొదలుకొని ప్రతి శిశువునకు నెలకు 500 జ్లోటీ లిచ్చు పథకమును ప్రవేశపెట్టెను. 2019 లో దానిని మొదటి బిడ్డకును వర్తింపజేసిరి. పేద కుటుంబముల కది నిజముగ మేలు చేసినది. మొదట సంశయించిన ప్రతిపక్షము పిదప దానిని అంగీకరించుటయేగాక, 2023 లో ఆ పక్షనాయకులు శ్రీ డొనాల్డ్ టుస్క్ దానిని వెంటనే 800 జ్లోటీలు చేయవలెనని ప్రభుత్వమునకే సవాలు విసరిరి. ప్రత్యర్థి చేసిన మంచిని మంచియని ఒప్పుకొనుటలో దోషమేమియు లేదు. అయితే 2025 లో, అధ్యక్ష ఎన్నికల వేడిలో, అదే పక్షపు అభ్యర్థి, యుద్ధమువలన పారివచ్చిన ఉక్రెయినీయులకు ఆ భృతి కావలెనన్నచో వారు అక్కడ ఉద్యోగము చేసి పన్నులు చెల్లించువారై యుండవలెనని ప్రతిపాదించెను. ఆ యేడే అటువంటి నియమము చట్టమయ్యెను. మొదట పథకమును స్వీకరించిరి; తరువాత దాని వెనుకనున్న గీతను గూడ స్వీకరించిరి.

హంగెరీలో 2019 న శ్రీ విక్తోర్ ఒర్బాన్ ప్రకటించిన ప్రణాళిక ఈ మార్గమున అందరికంటె ముందు పోయినది. నలుగురు లేక అంతకు మించి బిడ్డలను కన్న తల్లికి జీవితాంతము ఆదాయపు పన్ను లేదు. నూతన దంపతులకు కోటి ఫోరింట్ల అప్పు. మువ్వురు బిడ్డలు పుట్టినచో ఆ అప్పు మాఫీ. కాని పన్ను కట్టునంత ఆదాయము లేనివానికి పన్ను మినహాయింపు ఏమి మేలు చేయును? ధనిక దరిద్ర భేదము లేక ప్రతి బిడ్డకును ముట్టు కుటుంబభృతి 2008 నుండి పెంపులేక యథాతథముగ నిలిచెను. ఆచరణలో కలిగినవారి బిడ్డ, లేనివారి బిడ్డ అను గీత ఏర్పడినది. ఫలితమా? ఒక్కొక్క స్త్రీకి సగటున పుట్టు బిడ్డల సంఖ్య 2011 లో 1.23 నుండి 2021 నాటికి సుమారు 1.6 వరకు పెరిగి, 2024 నాటికి మరల 1.4 కంటె తగ్గినది. పోలెండులోను భృతి నడచుచుండగనే, 2017 లో 1.45 గా నున్నది, 2024 నాటికి 1.1 కు దిగినది. ధనముతో తల్లిదండ్రుల భారము తగ్గింపవచ్చును, సంతానమును కొనలేము.

నడిమి పక్షములవారు ఇట్లేల చేయుచున్నారు? ఒక కారణము నిజమైనదే. వృద్ధులు పెరిగి యువకులు తగ్గినపుడు పింఛనులకు, వైద్యమునకు ధన మెక్కడనుండి వచ్చును? రెండవ కారణము వోట్లు. ఎదుటివాని మాటను మనము పలికినచో ఎదుటివాని వెంట పోవు జనము మనవెంట వత్తురని వారి ఆశ. ఆ ఆశ ఎంతవరకు ఫలించెనో చూడుడు. డిసెంబరు చట్టమునకు ఆరు నెలల తరువాత, 2024 జూన్ ఐరోపా పార్లమెంటు ఎన్నికలలో, లె పెన్ పక్షమునకు నూటికి 31 కి పైగా వోట్లు లభించినవి. అధ్యక్షుని పక్షమునకు నూటికి సుమారు 15 మాత్రమే. దీనికి కారణములు పెక్కు లుండవచ్చును. కాని అనుకరణమువలన ఆ ప్రవాహము ఆగలేదన్నది మాత్రము స్పష్టము.

వేరొక మార్గము లేకపోలేదు. స్వీడనులో 1930 ప్రాంతమున జననములు తగ్గినవని మొదట మొరపెట్టినవారు సంప్రదాయవాదులు. 1934 లో ఆల్వా, గున్నార్ మిర్దాల్ దంపతులు ఆ ప్రశ్నను చేతికి తీసికొని ఒక గ్రంథము వ్రాసి, సమాధానమును తారుమారు చేసిరి. స్త్రీని మరల ఇంట కూర్చుండబెట్టవలదు. పనిచేయు స్త్రీ బిడ్డను కనగల స్థితి కల్పింపుడనిరి. 1938 లో గర్భనిరోధమును గూర్చి చెప్పుటపై నిషేధము తొలగెను. 1939 లో పెండ్లియైనదనియో గర్భవతియైనదనియో స్త్రీని పనినుండి తీసివేయరాదని చట్టము వచ్చెను. కాని ఆ దేశముననే 1934 లో చేసిన మరియొక చట్టముతో మొదలై నాలుగు దశాబ్దములలో దాదాపు 63,000 మందికి సంతాన నిరోధ శస్త్రచికిత్సలు జరిగినవి. అందు పెక్కు స్త్రీల ఇష్టము లేకయే జరిగినవి. మంచి ఉద్దేశముగల రాజ్యము సైతము ఎవరు కనదగుదురు, ఎవరు కనరాదు అని ఎంచ మొదలిడినపుడు ఏమగునో దీనివలన తెలియును.

ఈ విచారణ మనకు దూరమైనది కాదు. మన పెద్దలు పూర్వము అష్టపుత్రవతివి కమ్మని దీవించెడివారు. పిదప ఎర్రని త్రికోణపు గుర్తు గోడగోడకు వెలసి, చిన్న కుటుంబమే చింతలేని కుటుంబమని చెప్పెను. 1975 నుండి 1977 వరకు అత్యవసర పరిస్థితి కాలమున ఉత్తరదేశమున బలవంతపు శస్త్రచికిత్సలు జరిగినవి. ఆంధ్రప్రదేశమున 1994 నుండి ఇద్దరికి మించి సంతానముగలవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీచేయరాదను నియమ ముండెను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనమున ఒక్కొక్క స్త్రీకి సగటు సంతానము ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8 గా తేలినది. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు ఇకపై అధిక సంతానమును కనుడని ప్రజలకు చెప్పిరి. నవంబరులో శాసనసభ పాత నియమమును రద్దుచేసినది. ఇది తీవ్ర రైటిస్టుల భావమని నేననుట లేదు. ఇందు పరదేశీయు డన్న మాట లేదు. కాని ఒకే గడపకడకు రాజ్యము ముప్పదియేండ్లలో రెండుమారులు వచ్చి, మొదట వద్దని, పిదప కావలెనని చెప్పినది. రెండుమారులును ఆ ఇంటి ఇల్లాలి నెవరు అడిగిరి?

కావున ఏ పక్షమువారు కుటుంబమును గూర్చి మాటలాడినను మనము మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ సహాయము ప్రతి బిడ్డకా, కొందరి బిడ్డలకేనా? కననని చెప్పు స్త్రీకి ఏ నష్టమును కలుగదా? బిడ్డ పుట్టినపిమ్మట పాలు, బడి, వైద్యము ఎవరు చూచెదరు? ఈ మూడింటికిని సరియైన సమాధానము లభించినచో, ఆ పథకము ఎవరినుండి వచ్చినను స్వీకరింపదగినదే. లభింపనిచో, ఎంత మృదుభాషి నోటినుండి వెడలినను నిరాకరింపదగినదే. ఉయ్యాలలో నిద్రించు పసిపాప ఏ సైన్యమునకును సిపాయి కాదు, ఏ పింఛను నిధికిని చందాదారు కాదు. రాజ్యము ఆ ఉయ్యాల చెంతకు రావచ్చును. ఆ తల్లి పిలిచినపుడు, చేతిలో పాలగిన్నెతో మాత్రమే రావలెను.