వడి, వేగం, వెలాసిటీ: మా హైస్కూల్ క్లాసుల ముచ్చట

పోయిన వారం మా ఊరికి పోయిన. మాది కొండగట్టు దగ్గర, గుట్ట కింది ఊరు. రాత్రి అన్నం తిన్నంక మా మేనకోడలు సైన్స్ బుక్కు పట్టుకొని వచ్చి పక్కన కూర్చుంది. సర్కారు హైస్కూల్, తొమ్మిదో తరగతి.

"మామా, మొమెంటమ్ అంటే ఏంది?"

"మాస్ ఇంటూ వెలాసిటీ" అన్న, ఠక్కున.

"అది నాకూ వచ్చు. సార్ రాయించిండు. అంటే ఏందో చెప్పు."

బీటెక్ చేసిన, ఐటీ కంపెనీల పని చేసిన, కెమెరా ముందు గంటలు గంటలు మాట్లాడుతున్న. దీనికి మాత్రం నోరు పెగల్లేదు. ఈ ఎపిసోడ్ అందుకే.

ముందు నా సంగతి. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. 2013లో పది రాసిన, అప్పుడు 11 పేపర్లు. ఇంగ్లీష్ క్లాస్ ఎట్లుండేదంటే, సార్ ఒక లైన్ చదివేటోడు, దాని అర్థం తెలుగులో చెప్పేటోడు, చివరికి క్వశ్చన్ ఆన్సర్లు బోర్డు మీద రాసేటోడు. మేం కంఠతా పట్టేది. మార్కులు మంచిగనే వచ్చినయ్. కానీ ఆ ఐదేండ్లల్ల నా నోటి నుంచి వచ్చిన ఇంగ్లీష్ వాక్యం ఒక్కటే: "మే ఐ కమిన్ సార్".

తర్వాత కరీంనగర్‌ల ఇంటర్, ఇంగ్లీష్ మీడియం. ఫిజిక్స్ లెక్చరర్ బోర్డు మీద స్పీడ్, వెలాసిటీ అని రాసి, రెండింటికీ తేడా ఏందని నన్నే లేపిండు. తల దించుకొని నిలబడ్డ. క్లాసంతా నవ్వింది. నిజానికి ఆ పాఠం నాకు వచ్చు! దిశతో పని లేకపోతే వడి, దిశ కూడా చెప్తే వేగం. తొమ్మిదిలనే చదివిన. కాకపోతే వడి అంటే స్పీడ్ అనీ, వేగం అంటే వెలాసిటీ అనీ నాకు ఎవ్వరూ చెప్పలే. నెల రోజులు నాకు ఫిజిక్సే రాదనుకున్న. ఆఖరికి తెలుగు అకాడమీ వాళ్ల తెలుగు మీడియం ఫిజిక్స్ బుక్కు ఒకటి సెకండ్ హ్యాండ్‌ల కొని, ఇంగ్లీష్ బుక్కు పక్కన పెట్టుకొని చదివిన. అప్పుడు ఒడ్డున పడ్డ.

అట్లని తెలుగు మీడియమే గొప్ప అని నేను అనట్లే. త్వరణం, కిరణజన్య సంయోగక్రియ లాంటి మాటలు మన ఇండ్లల్ల ఎవరన్నా మాట్లాడతరా? మా అమ్మకు ఫోటోసింథసిస్ ఎంత దూరమో ఇదీ అంతే దూరం. మా గుట్ట దగ్గర నాచుపల్లిల జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2007లో వచ్చింది. రోజూ దాని ముందు నుంచి పోయే పిల్లలు రేపు లోపలికి పోవాల్నంటే ఇంగ్లీష్ కావాల్సిందే. మా అక్క కూడా అదే అంటది, ఆమె మాట తప్పు కాదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2022-23ల తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం మొదలుపెట్టిన్రు. అప్పుడు మా మేనకోడలు ఆరో తరగతి. బుక్కులు కూడా రెండు భాషల్లో ఇచ్చిన్రు, ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురుగా అదే పాఠం తెలుగులో. నేను సెకండ్ హ్యాండ్‌ల వెతికి జత చేసుకున్నది వీళ్లకు ఒకే బుక్కుల, పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. నాకైతే కుళ్లు పుట్టింది, నిజంగా.

కానీ దాని బుక్కు చూస్తే ఇంగ్లీష్ పేజీల నిండా పెన్సిల్ గీతలు, తెలుగు పేజీలు కొత్త నోటు లెక్క పెళపెళలాడుతున్నయ్. "ఇటు ఎందుకు చూస్తలేవు?" అంటే, "పరీక్ష ఇంగ్లీష్‌లనే కదా. తెలుగు చదివితే ఫ్రెండ్స్ నవ్వుతరు" అంది. నన్ను చూసి నవ్విన్రు, ఇంగ్లీష్ రాదని. దాన్ని చూసి నవ్వుతరట, తెలుగు చదువుతుందని!

లెక్కలకు భాషతో పని లేదంటరు కదా. పక్కింటి పదో తరగతి పిల్లగాడు ఒక లెక్క చూపించిండు. రెండు నాణేలు ఎగరేస్తే 'ఎట్ లీస్ట్ వన్ హెడ్' పడే సంభావ్యత ఎంత? సగం అని రాసిండు, తప్పయింది. "కనీసం ఒక బొమ్మ పడాలె, రెండు పడ్డా సరే" అని తెలుగులో చెప్పిన. "అయితే నాలుగింట్ల మూడు కదన్నా!" అన్నడు వెంటనే. వాడు 'సరిగ్గా ఒకటే' అనుకున్నడు. లెక్క వచ్చు, 'ఎట్ లీస్ట్' కాడ మార్కు పోయింది.

మళ్లీ మొమెంటమ్ కాడికి వద్దాం. నేను మేనకోడల్ని అడిగిన: "గుట్ట మీదికెళ్లి రెండు ఆటోలు దిగుతున్నయ్. ఒకటి ఖాళీ, ఇంకోటి నిండా జనం. రెండింటి స్పీడు ఒక్కటే. ఏది ఆపుడు కష్టం?"

"నిండుగున్నది."

"అగో, అదే మొమెంటమ్."

కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత మెల్లగ అంది: "మరి ఆ బస్సు?"

ఏ బస్సో మా దిక్కు ఎవరికీ చెప్పక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 11. గుట్ట దిగుతూ ఘాట్ రోడ్డుల లోయల పడ్డది. బస్సుల వందకు పైగా జనం, 60 మందికి పైగా పోయిన్రు. అంతా చుట్టుపక్కల ఊళ్లోళ్లే. అప్పుడు దీనికి ఏడేండ్లు. ఆ బస్సు ఎందుకు పడ్డదో ఒక్క ఫార్ములాతో తేల్చేటంత మొనగాణ్ని కాదు, ఆ మాటే దానికి చెప్పిన. ఒక్కటి మాత్రం వివరించిన: బరువు పెరిగిన కొద్దీ మొమెంటమ్ పెరుగుతది, అదే బ్రేకుతో ఆపాలంటే ఎక్కువ టైం కావాలె, ఎక్కువ రోడ్డు కావాలె. మలుపుల కాడ ఆ రోడ్డే ఉండదు.

అప్పుడు అది తనంతట తనే తెలుగు పేజీ మీద వేలు పెట్టింది. "ద్రవ్యవేగం... ద్రవ్యరాశి, వేగం. మామా, పేరులనే ఫార్ములా ఉంది కదా!"

నిజం చెప్తున్న, ఇన్నేండ్లల్ల నాకు ఇది తట్టలే. మొమెంటమ్ అనే మాటను ఎంత పిండినా అండ్ల నుంచి ఫార్ములా రాదు. అట్లని అన్ని తెలుగు మాటలూ ఇంత సాయం చేయవు, త్వరణాన్ని నేనెప్పుడూ క్షమించలే.

మొన్న పొద్దున హైదరాబాద్ బస్సు ఎక్కంగనే దాని వాయిస్ మెసేజ్ వచ్చింది. "మామా, ఇనర్షియా అంటే జడత్వమట. తెలుగు పేజీల చూసిన. మరి జడత్వం అంటే ఏంది?"

బస్సు డ్రైవర్ అప్పుడే బ్రేక్ వేసిండు, నేను ముందు సీటుకు గుద్దుకున్న. "ఇంటికొచ్చినప్పుడు చూపిస్తా" అని రిప్లై పెట్టిన. ఉంటా మరి.