గేటు దాటాక మన దారి మనది
(నాందేడ్ గేటు సభలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



పోయిన నెల ఠేకేదారు కింద పనిచేసే ఇద్దరు కార్మికులు మన ఆఫీసుకు వచ్చారు. హాజరు కోసమని ఫోనులో ఒక యాప్ వేయించారట. ఆదివారం వాళ్లు మన మీటింగుకు వచ్చి వెళ్లారు. సోమవారం సూపర్‌వైజరు "నిన్న ఇత్వారాలో మూడు గంటలు ఏం పని?" అని అడిగాడు. ఎవరు చెప్పారని మేము ఆరా తీశాం. ఎవరూ చెప్పలేదు. వాళ్ల జేబులో ఫోనే చెప్పింది.

మేము సాంచాల మీద పనిచేసిన రోజుల్లో భోంగా మోగితే లోపలికి, మళ్లీ మోగితే బయటికి. గేటు దాటిన మనిషి ఎటు పోయాడో జాబరుకు తెలిసేది కాదు. ఒకరి కార్డు ఇంకొకరు కొట్టడం అప్పుడూ ఉండేది, అబద్ధమెందుకు చెప్పాలి? హాజరు సరిగా ఉండాలంటే మేము కాదనం. హాజరు గేటు దగ్గర తీసుకోండి. ఇంటిదాకా ఎందుకు?

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. జీపీఎస్ ఉపగ్రహాలు మనల్ని చూడవు. అవి సంకేతాలు పంపుతాయి, అంతే. ఆ సంకేతాలతో తానెక్కడుందో ఫోనే లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్కను ఠేకేదారుకు మోసేది యాప్. ఇక టవరు సంగతి వేరు. ఫోను పనిచేస్తున్నంతసేపు ఏ టవరు కింద ఉన్నామో ఫోను కంపెనీకి తెలుస్తుంది, అది మన చేతిలో లేదు. యాప్ మాత్రం మన చేతిలో ఉంది.

మన రాష్ట్రంలోనే నాగపూర్ కార్పొరేషన్ సఫాయి కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలు కట్టింది. 2020 నాటికి చండీగఢ్‌లోనూ కట్టారు. ఆ గడియారం పెట్టుకుని బాత్‌రూముకు ఎలా వెళ్లాలని అక్కడి ఆడవాళ్లు అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే కదా!

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. 2024 జూలై 8న అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. బెయిలు మీద వచ్చిన మనిషి గూగుల్ మ్యాపులో తన చోటు పోలీసులకు చూపిస్తూ ఉండాలనే షరతు చెల్లదంది. ముద్దాయికే లేని కట్టు నూలు వడికే మనిషికెందుకు?

అయితే చట్టం చూసి మురిసిపోవద్దు. 2023 డేటా రక్షణ చట్టం ఏడో సెక్షనులో, ఉద్యోగ అవసరాలకైతే కొన్ని సందర్భాల్లో మన సమ్మతి లేకుండానే వివరాలు వాడుకోవచ్చని యజమానికి దారి వదిలారు. ఆదివారం మీటింగు ఏ ఉద్యోగ అవసరమో యాజమాన్యాన్ని కూర్చోబెట్టి అడుగుతాం. షిఫ్టు అయ్యాక యాప్ పనిచేయరాదని, సేకరించిన వివరాలు మీటింగులకు వచ్చినవాళ్ల మీద వాడరాదని రాతపూర్వకంగా కోరుతున్నాం.

అందాకా ఒక పని చేయండి. ఫోను సెట్టింగుల్లో ఆ యాప్ పేరు కింద లొకేషన్ తెరిచి, "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అన్నది నొక్కండి. హాజరు పడ్డాక యాప్ పూర్తిగా మూసేయండి. అలా కుదరదు, ఎప్పుడూ తెరిచే ఉంచాలని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఆ మాట అన్నదెవరో, ఏ రోజో రాసి పెట్టుకోండి. చేతగానివాళ్లు షిఫ్టు అయ్యాక ఆఫీసుకు రండి. మేమూ ఇది మనవల దగ్గరే నేర్చుకున్నాం.