దారి తెలియుట, జాడ తెలుపుట

సైదాబాదు నుండి శ్రీశైలమునకు కారులో పోవువారు చాంద్రాయణగుట్ట మీదుగా తుక్కుగూడ, కడ్తాల, ఆమనగల్లు, డిండి దాటి మన్ననూరు వద్ద అటవీశాఖవారి గేటు చేరుదురు. అంతవరకు చేతిలోని సెల్‌ఫోను చెప్పినట్లే బండి నడచును. గేటు దాటి నల్లమలలో ప్రవేశించిన పిమ్మట టవరు గీతలు ఒక్కొక్కటిగా తగ్గి, చాలచోట్ల పూర్తిగా మాయమగును. ఇటీవల మా పేటలోని పడుచువారు నాలుగు చక్రములకును శక్తి అందు జీపులు కొని, తారురోడ్డు విడిచి మట్టిబాటలు పట్టుట వేడుకగా చేసికొనినారు. వారిని వలదనుట మా అభిమతము కాదు. కాని బయలుదేరునప్పుడు ఇంటి పెద్దలు అడుగవలసిన ప్రశ్నలు రెండు కలవు. నీవెక్కడ ఉన్నావో నీకు తెలియునా? నీవెక్కడ ఉన్నావో మాకు తెలియునా? ఈ రెండును ఒకటే యని పలువురు భ్రమపడుచున్నారు.

మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. ఫోనులోని జి.పి.ఎస్. అనునది మన ఇంటి రేడియో వంటిదే: వినుట దాని పని, బదులు పలుకుట దానికి చేతకాదు. భూమికి ఇరువదివేల కిలోమీటర్లకు పైని తిరుగుచున్న ఉపగ్రహములు పంపు సంకేతములను అది వినును. కనీసము నాలుగింటి సంకేతము లందినచో తానున్న చోటును లెక్కకట్టును. దీనికి టవరుతో పనిలేదు. టవరు చేయు ఉపకారమెల్ల, ఏ ఉపగ్రహ మెచ్చట నున్నదో ముందుగా చెప్పి పని తొందరపరచుటయే. కాబట్టి ఊరు దాటకమునుపే ఆ యంత్రమును మేలుకొలుపుట మంచిది. దట్టమైన చెట్లక్రింద, లోతైన లోయలలో సంకేతములు కొండలకు తగిలి తిరిగివచ్చి, చోటును కొన్ని పదుల మీటర్లు ప్రక్కకు చూపుటయు కలదు.

చోటు తెలిసినను పటము లేనిచో ఏమి లాభము? పటము టవరు ద్వారా వచ్చునది గనుక, దానిని ఇంటివద్దనే ఫోనులో దింపుకొనవలెను. భారత సర్వేక్షణ శాఖవారి పటములలో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరునకు సమానము. వాగులు, గుట్టల ఎత్తులు, కాలిబాటలు వానియందు గుర్తింపబడి యున్నవి. కాగితముపై అచ్చైన పటమునకు బ్యాటరీ అక్కరలేదు. టవరు లేనిచోట ఫోను దానిని వెదకి వెదకి తన బ్యాటరీని తానే తినివేయును. అందుచేత విమానపు బొమ్మ నొక్కి ఉంచవలెను. నేటి ఫోనులలో అప్పుడును జి.పి.ఎస్. పనిచేయుచునే యుండును.

ఫోను చూపిన గీతయే రాజబాట యని నమ్మరాదు. 2024 మే నెలలో మన హైదరాబాదు నుండి కేరళ వెళ్లిన నలుగురు, రాత్రివేళ ఫోనులోని పటమును నమ్మి కొట్టాయం జిల్లాలో పొంగుచున్న వాగులోనికి కారు నడిపిరి. ప్రాణములు దక్కినవి, కారు మునిగినది. పటమునకు వర్షము తెలియదు. వాగు ఎదురైనప్పుడు బండి దిగి, ఆ ఊరివారి నడుగుటకు నామోషీ ఎందుకు? సర్వేక్షణ చేసినవారికే ఈ అడవులు లొంగలేదు. తరువాతి కాలమున శిఖరమునకు పేరైన జార్జి ఎవరెస్టు యువకుడుగా హైదరాబాదు వచ్చి, తెలంగాణ అడవులలో కొలతలు తీయుచు జ్వరమున బడి, కోలుకొనుటకై 1820లో దక్షిణాఫ్రికాకు పోవలసివచ్చెను.

ఇక రెండవ ప్రశ్న. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు నల్లమలపై గాలివానలో సంబంధము కోల్పోయినది. వైమానికదళము, కేంద్ర బలగములు, పోలీసులు, దారి తెలిసిన చెంచులు వెదకిరి. మరునాటి ఉదయమునకు గాని పావురాలగుట్టపై శకలములు కనబడలేదు. అంతటివారి జాడ తెలియుటకే ఒక పగలు, ఒక రాత్రి పట్టిన అడవి యది. మట్టిబాటలో ఇరుసు విరిగిన జీపును ఎవరు వెదకుదురు? ఎక్కడ వెదకుదురు?

విదేశములలో దీనికి అరచేతిలో ఇమిడెడు ఉపగ్రహ సందేశయంత్రములు వాడుదురు. మన దేశమున థురయా, ఇరిడియం వంటి ఉపగ్రహ ఫోనులను కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేక వాడుట నేరము. ఇట్టి యంత్రములు సంచిలో నుంచుకొనిన విదేశీయాత్రికులు విమానాశ్రయములలో నిర్బంధింపబడిరి. విదేశమునుండి బంధువులు కానుకగా తెచ్చినను పుచ్చుకొనవద్దని మా మనవి. రెండు మూడు బండ్లు కలిసి పోవునప్పుడు చిన్న వాకీటాకీలు ఉపకరించును. లైసెన్సు అక్కరలేని తరంగములు 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జుల వరకు కలవు. గుట్టల నడుమ వాని మాట ఒకటి రెండు కిలోమీటర్లకు మించి పోవునని ఆశింపరాదు. దూరము పలుకవలెనన్నచో పరీక్ష వ్రాసి హామ్ రేడియో లైసెన్సు పొందవలెను. ఈ విద్య నేర్పు జాతీయ ఎమెచ్యూర్ రేడియో సంస్థ 1983లో మన నగరముననే స్థాపింపబడినది. మన కంపెనీ టవరు అందకున్నను వేరొక కంపెనీది అందినచో 112 నంబరు పలుకును. ఎత్తైన చోటికి నడచి ప్రయత్నింపవలెను.

వీనియన్నిటికంటె చౌకయైనది ఒక చీటీ. ఏ బాటన పోవుచున్నాము, బండి నంబరేమి, ఎందరము, ఏ గంటకు తిరిగి ఫోను చేయుదుము, ఆ గంట దాటినచో ఏ పోలీసు ఠాణాకు తెలుపవలెను అని వ్రాసి ఇంటిలో ఉంచి పోవుట. బాట మార్చదలచినచో, టవరు ఉన్న చోటనే ఆ మాట ఇంటికి తెలుపవలెను. చీటీలో ఒకటి, చక్రముల క్రింద మరొకటి అయినచో వెదకువారు తప్పుదారి పట్టుదురు.

మరియొక సంగతి. అమ్రాబాదు పులుల అభయారణ్యములో అనుమతి లేని మట్టిబాటలలో బండి నడుపుట చట్టవిరుద్ధము; ఫరహాబాదు వంటి చోట్లకు అటవీశాఖవారి సఫారీ బండ్లే కలవు. రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు గేట్లు మూసియుందురు. చీటీలో తిరుగు గంట వ్రాయునప్పుడు దీనిని లెక్కలోనికి తీసికొనవలెను. గేటు ఇవతల ఆగిపోయిన బండికై ఇంటివారు తెల్లవార్లు కంగారుపడి పోలీసులను లేపిన సందర్భములు మేము ఎరుగుదుము.