పిడికెడు మట్టిలో బుద్ధుడు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్మీడియట్‌తో చదువు ఆపి ఫౌజులో చేరినవాడిని. పండితుడిని కాను. అయినా బుద్ధ విగ్రహాల గురించి నాలుగు మాటలు చెప్తాను. పెద్దవి కాదు, అరచేతిలో ఇమిడేవి.

2003లో హవల్దారుగా లడఖ్‌లోని నుబ్రా లోయలో ఉన్నాను. పోస్టుకి వెళ్ళే దారిలో ఒక పాత చోర్టెన్, అంటే స్తూపం, ఓ పక్క కూలిపోయి ఉండేది. లోపల మట్టిబిళ్ళలు కుప్పగా కనపడేవి. వాటిని త్సా-త్సా అంటారు. తడిమట్టిని లోహపు అచ్చులో నొక్కి తీస్తారు. కొన్నింటి మీద బుద్ధుడు, కొన్నింటి మీద తారాదేవి, కొన్నింటి మీద చిన్న స్తూపం. ఒకటి తీసి కిట్‌లో పెట్టుకున్నాను, లీవుకి వెళ్ళినప్పుడు అమ్మకి చూపిద్దామని.

మా పోర్టరు, వయసు మళ్ళినవాడు, అది చూశాడు. కోప్పడలేదు. "సాబ్, చనిపోయినవాళ్ళ బూడిద కలిపి కూడా వీటిని చేస్తాం. అందులో ఎవరి తండ్రి ఉన్నాడో!" అన్నాడు. అంత చలిలోనూ నాకు చెమటలు పట్టాయి. మా నాన్నగారి అస్థికలు గోదావరిలో కలిపి అప్పటికి రెండేళ్ళు కాలేదు. మర్నాడు తెల్లవారగానే బిళ్ళని ఉన్నచోటే పెట్టి, చోర్టెన్‌ని కుడివైపు ఉంచుకుని మూడు ప్రదక్షిణాలు చేశాను.

ఆ తర్వాత తెలుసుకున్నది చెప్తాను. త్సా-త్సా అలంకారానికి చేసేది కాదు. చెయ్యడమే పూజ, చేసి స్తూపంలోనో గుహలోనో వదిలెయ్యడమే పుణ్యం. పాతవాటి మీద చాలాచోట్ల ఒక గాథ అచ్చువేసి ఉంటుంది. ప్రతిదీ ఒక కారణం వల్ల పుడుతుంది, ఆ కారణం పోతే అదీ పోతుందని దాని సారాంశం. కాల్చని బిళ్ళ వానకి కరిగి మళ్ళీ మట్టిలో కలిసిపోతుంది. గాథ చెప్పేదీ అదే కదా!

చిన్న కంచు విగ్రహాలు వేరు. బోలుగా ఉన్న కడుపులో మంత్రాల కాగితపు చుట్టలు పెట్టి, అడుగున రేకుతో మూసి ప్రతిష్ఠ చేస్తారు. ఆ రేకు ఊడదీస్తే మన గుళ్ళో మూలవిరాట్టు పీఠం పెకలించినట్టే.

కుడిచెయ్యి నేలని తాకితే అది భూమిస్పర్శ ముద్ర. బుద్ధగయలో ఆయన భూమినే సాక్షిగా పిలిచిన ఘట్టం. నేల మీద రాత్రులు గడిపిన జవానుకి దాని అర్థం విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇది మనకి పరాయి సంగతి కాదు. అమరావతి, నాగార్జునకొండ మనవే. ఒకప్పటి గుంటూరు జిల్లా బుద్ధాంలో దొరికిన చిన్న కంచు బుద్ధులు ఇవాళ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన బిడ్డలు వాటిని చూడాలంటే సముద్రం దాటాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన విగ్రహాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం.

మనలో చాలామంది కొండల్లో డ్యూటీ చేశాం. ఇంట్లో షోకేసులో అలాంటిది ఏదైనా ఉంటే పురావస్తు శాఖవారికి చూపించండి. తెలియక తెచ్చింది తప్పు కావచ్చు, తెలిశాక ఉంచుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. సర్వీసులో నేను చాలా బరువులు మోశాను. ఆ ఒక్క రాత్రి కిట్‌లో మోసిన పిడికెడు మట్టి అన్నింటికన్నా బరువు.

 సెలవు. జై హింద్!